మా విల్లాల్లో పాములు, నెమళ్ళు, ఒక ఉడుము

హైదరాబాద్ శివార్లలో, నల్లగండ్ల దాటి తెల్లాపూర్ వైపు వెళ్ళే దారిలో ఉంటుంది మా విల్లాల కమ్యూనిటీ. మేం కొనేనాటికి వెనక గోడ అవతల రాళ్ళ గుట్ట, తుమ్మచెట్లు, వానాకాలంలో నిండే ఒక కుంట ఉండేవి. బ్రోషర్‌లో దాన్ని ‘నేచర్ వ్యూ’ అని రాశారు. తర్వాత గుట్టను బ్లాస్టింగ్ చేసి ఎత్తుకుపోయారు, కుంటలో సగం పూడ్చి టవర్లు లేపుతున్నారు. వ్యూ పోయింది. నేచర్ మాత్రం గోడ దాటి మా ఇళ్ళలోకి వచ్చింది.

నేను బ్యాంకులో చేసి రిటైరయ్యాను. ఖాళీగా ఉంటాను కదా అని అసోసియేషన్ కమిటీలో సెక్యూరిటీ, గార్డెనింగ్ రెండూ నా నెత్తిన పెట్టారు. దాంతో వాట్సాప్ గ్రూపులో ఎవరు ‘స్నేక్’ అని పెట్టినా మరుక్షణం ఫోన్ నాకే. ఊరి చివర ఇలాంటి చోట్ల కొత్తగా దిగుతున్నవాళ్ళు ఇప్పుడు చాలామంది. అందుకే ఆ ఫోన్ వచ్చాక ఏం చేస్తామో, ఏం జరుగుతుందో కాస్త వివరంగా రాస్తున్నాను.

నాకు బాగా గుర్తున్నది పన్నెండో నంబర్ విల్లా పిన్నిగారి ఫోన్. ఆవిడకు ఎనభై దాటాయి, పిల్లలు అమెరికాలో. జులైలో ఒక సాయంత్రం, అప్పుడే వాన తెరిపిచ్చింది. “అమ్మాయ్, వాషింగ్ మెషిన్ కింద ఏదో బుసకొడుతోందే. బట్టలు వేద్దామని వంగితే వినపడింది” అన్నారు.

నేను వెళ్ళేసరికి పెరట్లో జాతర. ఫోన్ ఫ్లాష్‌లు వేసి వీడియోలు తీస్తున్న కుర్రాళ్ళు, మాప్ కర్రతో ఒకాయన, బొద్దింకల స్ప్రే డబ్బాతో ఇంకొకాయన. మా వాచ్‌మన్ యాదయ్య మాత్రం కర్ర గోడకు ఆనించి దూరంగా నిలబడ్డాడు. నాగర్‌కర్నూల్ దిక్కు మనిషి, పొలాల్లో పెరిగినవాడు. “అమ్మా, నాగుబామే. పడగ ఇప్పింది, నేను జూసిన. పిల్లది. ఈళ్ళందర్నీ జరంత అవుతలికి పంపు, అది బెదిరిపోతున్నది” అన్నాడు.

హైదరాబాద్‌లో ఇలాంటప్పుడు పిలవాల్సింది ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీని. 1995 నుంచి ఉన్న సంస్థ, అటవీ శాఖతో కలిసి పనిచేస్తుంది. ఏటా వేల సంఖ్యలో పాముల్ని ఇళ్ళ నుంచి, అపార్టుమెంట్ల నుంచి పట్టుకెళ్ళి అడవిలో వదులుతారు. వాళ్ళ హెల్ప్‌లైన్ నంబర్ అంతకుముందే సెక్యూరిటీ క్యాబిన్ గోడమీద రాయించి పెట్టాను. ఫోన్ ఎత్తినాయన ముందు లొకేషన్ అడిగాడు. తర్వాత ‘పాము ఇప్పుడు కనిపిస్తోందా’ అన్నాడు. కనిపిస్తోందంటే, ‘అయితే ఒక మనిషి దానిమీద నుంచి చూపు తిప్పకూడదు, మా వాలంటీర్ వచ్చేదాకా మీ పని అదొక్కటే’ అన్నాడు. ఫోటో తీస్తే దూరం నుంచి జూమ్ చేసి తీయమన్నాడు, దగ్గరికి వెళ్ళొద్దన్నాడు.

ఈ చూపు తిప్పకుండా ఉండడం వినడానికి చిన్న విషయం. అసలు పనంతా అదే. పాము కళ్ళముందుంటే పట్టేవాళ్ళకు పది నిమిషాల పని. ‘ఇందాక ఇక్కడే ఉంది, ఇప్పుడు లేదు’ అన్నారంటే మాత్రం ఇల్లంతా సోఫాలు, బీరువాలు జరిపి వెతకాలి. ఎంత వెతికినా దొరక్కపోవచ్చు కూడా. ఆ ఇంట్లోవాళ్ళకు ఆ రాత్రి నిద్రుండదు, మరుసటి రాత్రీ ఉండదు. మా దగ్గర ఒక ఇంట్లో అలాగే జరిగి, వాళ్ళు వారంపాటు చుట్టాలింట్లో ఉన్నారు.

అందుకని మెల్లగా జనాన్ని ముందు గేటు బయటికి పంపించాం. పెరటి నుంచి వంటింట్లోకి వచ్చే తలుపు మూసి, కింద సందులో తడి తువ్వాలు కుక్కాం. లైటు వేసి ఉంచాం. యాదయ్య, నేను దూరంగా కుర్చీలు వేసుకుని వంతులవారీగా కాపలా కాశాం. పాము మెషిన్ వెనక గోడవార చుట్టచుట్టుకుని ఉంది, తోక కొస మాత్రం మా వైపు. ఎవరైనా కాలు నేలమీద గట్టిగా వేస్తే ఆ కొస చిన్నగా కదిలేది. మేం కదలకపోతే అదీ కదల్లేదు.

పిన్నిగారు దేవుడి గదిలోంచే అడుగుతున్నారు: “నాగేంద్రుడు గడప తొక్కాడు, గిన్నెలో పాలు పెట్టనా?” ఆవిడది కృష్ణా జిల్లా, కార్తీకంలో నాగుల చవితికి పుట్టలో పాలు పోసే అలవాటు. యాదయ్య వాళ్ళకు శ్రావణంలో నాగుల పంచమి. పాము అక్కడుండగానే చవితి గొప్పదా పంచమి గొప్పదా అని వాళ్ళిద్దరూ కాసేపు వాదించుకున్నారు. నాకైతే ఆ వాదన మంచి కాలక్షేపం.

వాలంటీర్ బైకు మీద వచ్చాడు. పాతికేళ్ళ కుర్రాడు, హైటెక్ సిటీలో ఉద్యోగం, షిఫ్ట్ మధ్యలో వచ్చానన్నాడు. బ్యాగులోంచి ఒక ఇనుప కొక్కెం కర్ర, జానెడు ప్లాస్టిక్ పైపు ముక్క, నల్లటి గుడ్డ సంచి తీశాడు. పాముని చేత్తో ఒడిసి పట్టుకుంటాడేమో, టీవీలో చూపించినట్టు ఊపుతాడేమో అని జనం గేటు దగ్గర కాచుకుని ఉన్నారు. అదేం చేయలేదు. సంచి మూతిని పైపుకు బిగించి, పైపును గోడవార నేలమీద పెట్టాడు. యాదయ్యను మెషిన్ కొంచెం పైకెత్తమన్నాడు. అది పడగ విప్పింది. మూరెడు లేదు, పడగ నా బొటనవేలంత, అయినా వెనక కళ్ళజోడు గుర్తు స్పష్టంగా కనపడింది. అతను కొక్కెంతో నడుం దగ్గర ఊరికే తాకాడు. అది చుట్టూ చూసి, ఎదురుగా చీకటి బొరియలా కనిపించిన పైపులోకి తనంతట తానే దూరిపోయింది. సంచికి ముడి వేశాడు. గేటు దగ్గరివాళ్ళకు నిరాశే.

తర్వాత ప్రశ్నలు. ‘తల్లి వెతుక్కుంటూ వస్తుందా? పగబడుతుందా?’ రాదు, పగలేదు అన్నాడు. నాగుపాము ఎండాకాలంలో గుడ్లు పెడుతుందట, రెండు నెలలకు పిల్లలు బయటికొస్తాయి. తొలకరికి బొరియల్లోకి నీళ్ళు పోతాయి, సరిగ్గా అదే టైముకు పిల్లలూ తిరగడం మొదలుపెడతాయి. అందుకే జూన్ నుంచి వాళ్ళకు ఫోన్లు ఎక్కువ. పిల్లే కదా అనుకోవద్దని, పుట్టిన రోజు నుంచే విషం ఉంటుందని గట్టిగా చెప్పాడు. పాల సంగతి పిన్నిగారు అడగనే అడిగారు. “పాములు పాలు తాగవు అమ్మమ్మా. నీళ్ళివ్వకుండా ఎండబెట్టి తెచ్చినవైతే ఏది పెట్టినా తాగుతాయి” అన్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు గానీ, అతనికి మాత్రం కాఫీ ఇచ్చి కూర్చోబెట్టారు.

ఆ తర్వాత వచ్చిన ఫోన్లలో సగం భయపడక్కర్లేనివి. కట్లపాము అని కేకలేస్తే వచ్చి చూసిన వాలంటీర్ అది వుల్ఫ్ స్నేక్ అని తేల్చినవి చాలా. బల్లుల కోసం గోడలెక్కి కర్టెన్ల వెనక చేరుతుంది, విషం లేదు. దానికి తెల్ల పట్టీలు మెడ దగ్గర కొట్టొచ్చినట్టు ఉండి తోకవైపు పోనుపోనూ మాసిపోతాయి. కట్లపాముకు దీనికి రివర్స్, తోకవైపే స్పష్టంగా ఉంటాయి. ఇది తెలిసినంత మాత్రాన వంగి పట్టీలు లెక్కపెట్టే పని పెట్టుకోవద్దు. తెలుసు కదా అని గ్రూపులో ‘డోంట్ వర్రీ, హార్మ్‌లెస్’ అని తీర్పులిచ్చే ఒక సారు ఉన్నారు మాకు, ఆయన విల్లా గేటు దగ్గరే రక్తపింజర దొరికాక తీర్పులు తగ్గాయి.

ఇక నెమళ్ళ కథ. యూనివర్సిటీ ఆఫ్ హైదరాబాద్ క్యాంపస్ మాకు దూరం కాదు. అక్కడ నెమళ్ళు, జింకలు ఎప్పటినుంచో ఉన్నాయి. పక్కనున్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్ల నరికివేతను 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆపించింది గుర్తుందా, ఆ రోజుల్లో జింకలు కాలనీల్లోకి వచ్చిన వీడియోలు అందరి ఫోన్లలో తిరిగాయి. మా దగ్గరికి జింక రాలేదు, నెమళ్ళు వచ్చాయి. మొదట్లో అందరూ మురిసిపోయి రీల్స్ చేశారు. తర్వాత ఒక మగ నెమలి కొత్త కారు తలుపులో తన నీడ చూసుకుని, అది ఇంకో మగ నెమలి అనుకుని యుద్ధం చేసింది. కారు ఓనరు మురిపెం ఆ పూటతో సరి. టమాటా మొక్కలు, పాలకూర మడులు కూడా ఒక్కటీ మిగల్లేదు. దానిమీద పెరటి తోటలవాళ్ళంతా నైలాన్ వలలు తెచ్చి మడులమీద కప్పారు. నెమళ్ళు ఆగాయి. ఆ వలల్లో జెర్రిపోతు పడింది.

అది నేను మర్చిపోలేను. ఏడడుగులుంటుంది. ఎలుక వెంటపడి వల సందులోంచి తల దూర్చింది. పాము వెనక్కి రాలేదు, పొలుసులు వలకు అడ్డం పడతాయి. ముందుకు తోసుకున్న కొద్దీ నడుం దగ్గర దారాలు ఒకదానిమీద ఒకటి బిగుసుకుపోయి, పొలుసుల కిందికి దిగి కోసేశాయి. రాత్రంతా అలాగే ఉందేమో, పొద్దున మాలి చూసేసరికి చుట్టూ చీమలు. వాలంటీర్ చేతికి తోలు తొడుగు వేసుకుని తల పట్టుకున్నాడు. యాదయ్య తోక పట్టుకున్నాడు. నేను నీళ్ళు పోస్తూ చీమల్ని కడిగాను. మొన లేని చిన్న కత్తెరను పొలుసుకీ దారానికీ మధ్య దూర్చి ఒక్కొక్క పోగే తెంపాలి. పోగు తెగినప్పుడల్లా దాని ఒళ్ళు అక్కడ కొంచెం ఉబ్బేది, లోపల తెల్లగా వాచిన చర్మం కనపడేది. అది రెండుసార్లు తొడుగును కరిచింది, భరించలేని కంపు వదిలింది. విషం లేని పాము, అయినా భయానికి కరుస్తుంది, పాపం. గాయాలు మానాక వదులుతామని సంచిలో పెట్టి తీసుకెళ్ళారు.

చుట్టూ నిలబడ్డవాళ్ళు ఏమన్నారో కూడా చెప్పాలి. ‘జెర్రిపోతు తోకతో కొడితే కొట్టినచోట ఎండిపోతుంది.’ ‘ఇది మగది, దీని పెళ్ళాం తాచుపాము.’ రెండూ నేనూ చిన్నప్పటి నుంచి విన్నవే. పొలాల్లో రెండు పాములు పెనవేసుకుని నిలువుగా లేస్తే జత కట్టాయంటాం. చాలాసార్లు అవి రెండూ మగ జెర్రిపోతులేనట, ఆడదాని కోసం బలాబలాలు తేల్చుకుంటూ ఉంటాయి. తాచుతో సంబంధమే లేదు.

వలలు తీసేయాలని కమిటీ మీటింగ్‌లో నేను పెట్టిన తీర్మానానికి పెద్ద గొడవ. ‘పాము కోసం మా పాలకూర వదులుకోవాలా’ అన్నారు. చివరికి నైలాన్ వద్దు, చట్రానికి బిగించిన ఇనుప జాలీ పెట్టుకోవచ్చు అనే దగ్గర రాజీ కుదిరింది. అదే మీటింగ్‌కు ఒక పెస్ట్ కంట్రోల్ మనిషి వచ్చాడు. కాంపౌండ్ గోడ చుట్టూ మందు కొడితే ఏడాదిపాటు పాము రాదని గ్యారంటీ ఇస్తానన్నాడు. గ్యారంటీ కాగితం మీద రాసిమ్మంటే నవ్వి ఊరుకున్నాడు. ఫినాయిల్, కిరోసిన్, వెల్లుల్లి, గంధకం, నాఫ్తలీన్ ఉండలు, వీటిలో ఏదీ పాముని ఆపదు. ఆపేది తిండి లేకపోవడం ఒక్కటే.

తిండి ఎక్కడిదంటే మా దగ్గరిదే. టెర్రస్‌ల మీద పావురాలకు పుణ్యమని పోసే జొన్నలు, వీధికుక్కలకు పెట్టి వదిలేసిన అన్నం, మూతలేని తడి చెత్త డబ్బాలు. వీటికి ఎలుకలు, ఎలుకలకు పాములు. జొన్నలు ఆపమన్నందుకు ఒకావిడ నాతో ఇప్పటికీ మాట్లాడదు. ఎలుకల మందు పెడదామన్నారు కొందరు. మందు తిన్న ఎలుకను తిని గుడ్లగూబ కూడా పోతుంది, ఇంకా ఎలుకలు పెరుగుతాయి, అందుకని బోన్లు పెట్టించాం. బిల్డర్ వదిలేసిన ఇటుకల గుట్ట, టైల్స్ ముక్కలు లారీలో పంపించేశాం. తలుపుల కింద సందులకు బ్రష్ పట్టీలు, వాననీటి కాలువలు గోడ దాటేచోట 6 మిల్లీమీటర్ల జాలీ. ఖర్చు ఇంటికి ఇంత అని వేస్తే గొణిగారు, కట్టారు.

గొణుగుడు ఎక్కువైంది వేరే ఖర్చు దగ్గర. ఏసీ గదిలో మంచం మీద పడుకునే మనకు నిజానికి ముప్పు తక్కువ. కట్లపాము రాత్రి తిరుగుతుంది, నేలమీద పడుకున్నవాళ్ళను నిద్రలో కరుస్తుంది. కాటు చీమ కుట్టినంత కూడా తెలియదంటారు, పొద్దునకు రెప్పలు వాలిపోయి ఊపిరి అందదు. మన దేశంలో ఏటా సుమారు 58 వేల మంది పాముకాటుతో చనిపోతున్నారని 2020లో ఒక అధ్యయనం అంచనా వేసింది. ఎక్కువమంది పల్లెల్లో వాళ్ళే, ఇలాంటి నేల పడకలవాళ్ళే. మా నైట్ గార్డులు క్యాబిన్‌లో అట్టలు పరుచుకుని నడుం వాల్చేవారు. పక్క సైటులో ఒడిశా, బీహార్ కూలీల రేకుల షెడ్లలో పిల్లలు సహా అందరిదీ నేల పడకే. గార్డులకు మడతమంచాలు, దోమతెరలు, మాలీలకు మోకాలిదాకా గమ్‌బూట్లు, మంచి టార్చిలైట్లు కొనాలంటే ‘అది సెక్యూరిటీ ఏజెన్సీ బాధ్యత’ అన్నారొకరు. పాముకు ఆ కాంట్రాక్టు సంగతి తెలియదు కదండీ అన్నాను. మా వాళ్ళకు కొన్నాం. షెడ్లవాళ్ళకు దోమతెరలు మాత్రం కొందరం చందా వేసుకుని ఇచ్చాం. సైటు కాంట్రాక్టరు ఇవాళ్టికీ ఒక్క మంచం వేయించలేదు.

ఇంకో పని, ఇది ఎవరైనా తీరుబడిగా ఉన్నప్పుడే చేసిపెట్టుకోవాలి. పాముకాటు మందు ఎక్కడుందో ముందే ఫోన్ చేసి అడగడం. మాకు కూతవేటు దూరంలో అద్దాల మేడలాంటి ఆస్పత్రి ఉంది. అడిగితే ‘స్టాక్ లేదు మేడమ్, కేసు వస్తే రిఫర్ చేస్తాం’ అన్నారు. మందు, వెంటిలేటర్ రెండూ ఉన్నాయని ఒప్పుకున్న ఆస్పత్రుల పేర్లు, గాంధీ, ఉస్మానియాలతో సహా, 108 పక్కనే క్యాబిన్‌లో అతికించాం. ఏ పామో తెలియకపోయినా ఫర్వాలేదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, నాలుగింటికీ ఒకటే మందు. పాముని చంపి సీసాలో తీసుకెళ్ళాల్సిన పనిలేదు. తాడు కట్టడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం అసలే వద్దు. ఉంగరాలు, గాజులు తీసేసి, కరిచిన చెయ్యో కాలో కదలకుండా పెట్టుకుని వెళ్ళిపోవడమే.

ఈ ఏడాది గ్రూపులో గొడవంతా ఉడుముతో. ‘బేబీ క్రొకడైల్ ఇన్ క్లబ్‌హౌస్’ అని మొదటి మెసేజ్. పిల్లల్ని బయటికి పంపకుండా తలుపులు వేసుకున్నారు. 2020 మేలో కాటేదాన్ దగ్గర రోడ్డు మీద పడుకున్న చిరుత ఫోటోను ఎవరో మళ్ళీ బయటికి తీసి, తర్వాత వచ్చేది ఇదే అని పెట్టారు. వెళ్ళి చూస్తే ఈత కొలను పక్క గోడమీద మూడడుగుల ఉడుము ఎండ కాగుతోంది. నాలుక చాపుతోంది, లోపలికి తీసుకుంటోంది, మమ్మల్ని లెక్కచేయడం లేదు. పక్క సైటు మేస్త్రీ ఒకడు ‘ఫ్రీగా పట్టుకుపోతా మేడమ్’ అని వచ్చాడు. ఎందుకో యాదయ్య చెవిలో చెప్పాడు: “కూరకమ్మా.” 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులికి ఎంత రక్షణో ఉడుముకూ అంతే, షెడ్యూల్ 1. జైలుకు పోతావని చెప్పి పంపించాను.

వాలంటీర్‌కు ఫోటో పంపితే, పట్టాల్సిన అవసరమే లేదన్నాడు. దానంతట అది మనుషుల జోలికి రాదు, ఎలుకల్ని, గుడ్లను తింటుంది, దాని దారిన దాన్ని పోనివ్వండి అన్నాడు. దారి ఎక్కడుంది? కుంటకు పోయే కాలువకు జాలీ బిగించింది మేమే. అది లోపల ఉండగా బిగించామో ఏమో, ఇప్పుడు గోడ పొడవునా తిరుగుతూ అందరి పెరళ్ళలో కనిపిస్తోంది. ఇళ్ళు లేని వైపు, కుంటకు ఎదురుగా ఉన్న ఒక్క జాలీ తీయించాను. నాలుగోనాటి నుంచి అది పొద్దున బయటికి పోతోంది, మధ్యాహ్నం వచ్చి గోడమీద పడుకుంటోంది. ఆ జాలీ తిరిగి పెట్టించాలని ఇద్దరు సంతకాలు సేకరిస్తున్నారు, నెమలి కారు తలుపుతో యుద్ధం చేసిందని చెప్పానే, ఆ కారు ఓనరు ఒకరు. ఆదివారం మీటింగ్‌కు అదే మొదటి అజెండా. పిన్నిగారు ఓటు నాకే వేస్తానన్నారు.